ఎర్ర కారులో టిక్కుటిక్కు

మధ్యాహ్నం భోజనానికి ముందే బేరం ముగించుకుని, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా ఒక చుట్టు తిరగాలని ఆ ఉదయం ఒట్టావియో అనుకున్నాడు. ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారంటే అతనికి పడుచుతనం నుంచీ పిచ్చి. ఇన్నాళ్ళకు ఎర్మెలిందా ముసలమ్మ, పోయిన మొగుడి కారు అమ్మకానికి పెట్టింది. భార్య లోరెదానా ఒప్పుకుంది గానీ ఒక మెలిక పెట్టింది: "ఒక్క లోపం బయటపడినా సరే, మళ్ళీ జన్మలో నా దగ్గర కారు మాటెత్తకూడదు!"

పరీక్షించడానికి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన గ్వాల్తియేరోను వెంటబెట్టుకెళ్ళాడు. మోదెనా ఊరి చుట్టుపక్కల బానెట్ ఎత్తిన చప్పుడైతే చాలు, బెల్లానికి ఈగల్లా రిటైరైన పెద్దలంతా చేతులు వెనక్కి కట్టుకుని చేరిపోతారు. ఏదో ఒక సలహా ఇవ్వకుండా వెళ్ళడం వాళ్ళకు నామోషీ.

గ్వాల్తియేరో ఇంజను మీదికి వంగాడు. "గేర్‌బాక్సులో టిక్కుటిక్కుమంటోందిరా."

ఒట్టావియో గబగబా చుట్టూ చూశాడు. "మెల్లగా బాబాయ్! మా ఆవిడ చెవిన పడితే నా పని ఖాళీ."

"గేర్‌బాక్సు కాదు, అది క్లచ్చి," అన్నాడు చుట్టూ మూగినవాళ్ళలో ప్రీమో అనే పెద్దాయన.

"నీ మొహం! క్లచ్చి అలా మాట్లాడుతుందా?" అన్నాడు గ్వాల్తియేరో.

ఏమీ లేదని తేలిపోతే చాలుననుకుని ఒట్టావియో తనే అనేశాడు: "విప్పి చూడండి మరి!"

కిటికీలోంచి ఎర్మెలిందా పాత దుప్పట్లు విసిరింది. "విప్పండి నాయనా! విప్పినవాళ్ళు బిగించాలి, లేదా కొనుక్కోవాలి!"

గేర్‌బాక్సు శుభ్రంగా ఉంది. క్లచ్చీ అంతే. అయితే ఇరుసన్నారు, కాదు ఇంజనన్నారు. చివరికి కారు మొత్తం దుప్పట్ల మీద పరుచుకుంది.

"ఇప్పటికీ వినబడుతోంది!" అని గ్వాల్తియేరో గర్వంగా అన్నాడు.

అందరూ అతని నోటికేసి చూశారు. మాట్లాడినప్పుడల్లా కొత్త కట్టుడు పళ్ళు టిక్కుటిక్కుమంటున్నాయి.

అంతలో చర్చి గంట మోగింది. ఇంట్లో భోజనానికి వండిన తోర్తెల్లీని చల్లారిపోతుందంటూ పెద్దలంతా చేతులు తుడుచుకుని తలోదారి పట్టారు. ఒట్టావియో ఒక్కడే ఆ సామాను మధ్య బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే లోరెదానా వచ్చింది.

"ఏమయ్యా, లోపం దొరికిందా?"

ఉందని ఒక్క అబద్ధమాడితే చాలు, నాలుగు తిట్లతో బయటపడేవాడు. కానీ మనసొప్పలేదు. "ఒక్కటీ లేదు. ప్రతి ముక్కా చూశాం."

ఆమె దుప్పట్లన్నీ కలయజూసి నిట్టూర్చింది. "మాటంటే మాటే. కొనుక్కో."

ఒట్టావియోకు ఆనందంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సాయంత్రానికి కారు ఇంటికి చేరింది, తోపుడు బండిలో, విడతలవారీగా.