శుక్రవారం నూడిల్స్

ఆ శుక్రవారం ఉదయం వీరవేణి కాఫీ కూడా తాగకుండా కూరగాయలు తరగడానికి కూర్చుంది. ఎంత సన్నగా తరిగితే అంత సంబరంగా ఉంది. క్యారెట్, బీన్స్, క్యాబేజీ, ఉల్లికాడలు స్టీలు పళ్ళెంలో పక్కపక్కన పేర్చి, ముగ్గు వేసినంత ముచ్చటగా చూసుకుంది. చూపించడానికి ఇంట్లో ఎవరూ లేరు. పెళ్ళయిన నెలలోనే భర్త వెంకటరమణ దోహా వెళ్ళిపోయాడు. అత్తగారు కూతురి పురిటికి కొత్తపేట వెళ్ళారు. రాజోలులోని ఆ పెంకుటింట్లో, ఒక్క మనిషికి వంటెందుకని వీరవేణి పూటపూటా పెరుగన్నంతో సరిపెట్టుకుంటోంది.

కిందటి వారం ఫోనులో వెంకటరమణ అన్నాడు. "శుక్రవారం సెలవు కదా, కూరగాయలేసి నూడిల్స్ చేసుకుంటా. నూనె కొంచెమే, ఒంటికి మంచిది. నువ్వూ అదే చెయ్యి వేణీ. ఇద్దరం కలిసి తిన్నట్టుంటుంది. తినేముందు ఫోన్ చేస్తా." ఆ భోజనం కోసమే ఆమె వారమంతా గడిపింది.

ఫోను ఉన్నది పక్కింటి సూర్యకుమారి గారింట్లో. ఆవిడ పిట్టగోడ మీంచి తొంగి చూసి పళ్ళెం గమనించింది.

"ఇన్ని కూరలు తరిగేవేంటమ్మా? ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదు పిన్నిగారూ. నాకోసమే."

అనకూడని మాట అదే. ఆ వీధిలో సగం ఇళ్ళ మగవాళ్ళు గల్ఫులో ఉన్నారు. వాళ్ళు వచ్చే రోజు ఎవరూ ముందుగా చెప్పరు, దిష్టి తగులుతుందని. అడిగితే "అబ్బే, ఎవరూ రావట్లేదండీ" అంటారు. సాయంత్రానికి పెద్ద పెట్టెలతో మనిషి దిగుతాడు. అందుకని ఆ వీధిలో రావట్లేదంటే బయల్దేరాడనే అర్థం.

"ఆయ్, అలాగే చెప్పాలి," అని సూర్యకుమారి నవ్వుతూ లోపలికి వెళ్ళింది.

ఎసరు మరిగేలోపే మాణిక్యాలరావు గారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆయన కొడుకు దోహాలో వెంకటరమణ గదిలోనే ఉంటాడు.

"మావాడు నాకేమన్నా పంపేడేమోనమ్మా. తొందర లేదు, రమణ స్నానం చేసేకే అడుగుతాను."

"ఆయన రావట్లేదు బాబాయిగారూ, ఒట్టు!"

"ఒట్టు దాకా వెళ్ళేవంటే దగ్గర్లోనే ఉన్నాడన్నమాట," అంటూ ఆయన కండువా పరుచుకుని సర్దుకున్నారు.

తరువాత అప్పలరాజు వచ్చాడు, కడిగిన ఆటోకి బంతిపూల దండ వేసుకుని.

"తాటిపాక సెంటర్లో ఉంటానండి. ఏ బస్సుకో మీరు చెప్పకండి, మంచిది కాదు. అన్ని బస్సులూ నేనే చూసుకుంటాను."

ఆమె అతనికి నచ్చజెప్పలేక లోపలికి వచ్చేసరికి, సూర్యకుమారి మూకుడులో కొబ్బరికోరు గుమ్మరిస్తోంది. "ఎడారిలో మొహం వాచి ఉంటాడు పాపం!"

వచ్చినవాళ్ళని ఊరికే కూర్చోబెట్టలేక వీరవేణి గిన్నెల్లో తలా కాస్త పెట్టింది.

"ఇందులో నూనేదమ్మా?" అన్నారు మాణిక్యాలరావు గారు.

"తక్కువ వెయ్యాలండి. ఆరోగ్యానికి మంచిది."

"ఎవరి ఆరోగ్యానికి?" అంటూనే ఆయన ఇంకాస్త వేయించుకున్నారు. మూకుడు అడుగు కనిపించేసరికి పక్కింట్లో ఫోను మోగింది.

ముగ్గురూ పరిగెత్తారు. సూర్యకుమారి ముందు అందుకుంది. "ఎక్కడిదాకా వచ్చేవు బాబూ? ఆఁ? ఆఁ?" తరువాత రిసీవరు అరచేత్తో మూసి, వెలిగిపోతున్న మొహంతో చెప్పింది. "రావట్లేదంటున్నాడు!"

మాణిక్యాలరావు గారు రిసీవరు అందుకుని తన కొడుకుని పిలవమన్నారు. "తిన్నావా నాన్నా? ఏం తిన్నావు? సరిగ్గా వినపళ్ళేదు, మళ్ళీ చెప్పు." వినపడుతూనే ఉందని ఆయన మొహమే చెబుతోంది. వీరవేణి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

చివరికి రిసీవరు ఆమె చేతికి వచ్చింది. "వేణీ..." అన్నాడు వెంకటరమణ. అంతే. అక్కడ ఫోను కార్డులో డబ్బులైపోయి లైను తెగింది.

ఇద్దరూ ఆమెనే చూస్తున్నారు. "ఆయ్," అంది వీరవేణి, కూతపెడుతున్న రిసీవరుతో. "తిన్నానండి. బావుంది. మీరూ తినండి." మెల్లగా పెట్టేసింది.

"ఏమన్నాడు?"

"రావట్లేదన్నారు."

ఇద్దరూ తృప్తిగా తలలూపారు.

మధ్యాహ్నం ఇల్లు మళ్ళీ నిశ్శబ్దమైంది. మూకుడు తోముతూ వీరవేణి ఆలోచించింది. ఈ వీధిలో వచ్చేవాడు వస్తున్నానని ఎప్పుడు చెప్పాడు? కార్డు అంత తొందరగా ఎందుకైపోయింది? అసలు ఆ ఫోను దోహా నుంచేనా? పొద్దుట్నుంచీ వీధంతా చెబుతున్నది అబద్ధమనడానికి ఆమె దగ్గర ఉన్న సాక్ష్యం తన మాటే. తన మాట ఆ వీధిలో ఎవరు నమ్మారు గనక!

తలంటుకుంది. జడలో సన్నజాజులు పెట్టుకుంది. రెండో ప్యాకెట్ విప్పి, కూరగాయలు ఇంకా సన్నగా తరిగి, పెద్ద మంట మీద గబగబా వేయించింది. రెండు కంచాలు పెట్టింది. సూర్యకుమారి గోడ మీంచి "ఎవరికమ్మా?" అంటే, "ఎవరూ రావట్లేదు పిన్నిగారూ," అని సిగ్గుపడుతూ చెప్పింది.

పొద్దుగూకుతుండగా ఆటో చప్పుడైంది. వీరవేణి గుమ్మంలోకి పరిగెత్తింది. దండ వాడిపోయింది. వెనక సీటు ఖాళీ.

"అన్ని బస్సులూ చూసేనండి," అన్నాడు అప్పలరాజు నిష్ఠూరంగా. "మీరు నిజమే చెప్పేరా అండీ?"

"నిజమే చెప్పాను అప్పలరాజూ."

"నిజమని చెప్పొద్దాండీ మరి!"

ఆమె లోపలికి వెళ్ళి ఒక కంచం తెచ్చి అతని చేతికిచ్చింది. అతను ఆటోలో కూర్చుని తిన్నాడు. ఆమె వంటింట్లో కూర్చుని తింది.

నూడిల్స్ మాత్రం దేనికది విడివిడిగా, చాలా చక్కగా వచ్చాయి.