కుటుంబ పరిస్థితుల వల్ల

ఆ మంగళవారం ఉదయం జోనెల్ పెట్టుకున్న పని ఒక్కటే. కూతురు బ్రిటకి సీటిచ్చిన కాలేజీ పేరున్న స్టిక్కరును వ్యాను వెనకద్దానికి అంటించాలి. మినెసోటా జనవరి చలికి జిగురు పట్టడం లేదు. హెయిర్ డ్రయర్‌కి పొడుగు వైరు తగిలించి అద్దాన్ని వెచ్చచేస్తుంటే, బ్రిట బడిసంచి భుజాన వేసుకుని వచ్చి తాపీగా చెప్పింది.

"అమ్మా, క్యాల్కులస్ మానేశాను. ఆ గంటలో వంట క్లాసు తీసుకున్నా."

డ్రయర్ మంచులో పడింది.

"సీటొచ్చాక మానేస్తావా? చివరి ఏడాది క్లాసుల్లో ఏం మారినా వెంటనే చెప్పాలని ఉత్తరంలో రాశారు కదే! చెప్పకపోతే సీటు వెనక్కి తీసుకుంటారు!"

"అదంతా నేను చూసుకున్నానమ్మా—"

"నువ్వు చూసుకోవడం నాకు తెలీదా! గదిలో తడి తువ్వాలు కూడా చూసుకుంటానన్నావు. క్రిస్మస్ నుంచి అక్కడే ఉంది."

స్కూలు బస్సు హారన్ మోగింది. బ్రిట పరుగెత్తింది.

వంటింటి బల్ల మీది కంప్యూటర్లో బ్రిట కాలేజీ ఖాతా తెరిచే ఉంది. జోనెల్ కూతురి పేరుతోనే రాయడానికి కూర్చుంది. లెక్కలు మాని వంట నేర్చుకుంటున్నానని రాయడానికి చెయ్యి రాలేదు. గంటసేపు కొట్టి, చెరిపి, చివరికి ఒక గంభీరమైన వాక్యం తేల్చింది: "చెప్పుకోలేని కుటుంబ పరిస్థితుల వల్ల క్యాల్కులస్ వదులుకోవలసి వచ్చింది."

కిందటి వారం మంచు మీద జారిపడ్డ ఆమె భర్త డ్వేన్ కుంటుకుంటూ వచ్చి చదివాడు.

"ఏం పరిస్థితులు?"

"ఏవో ఒకటి. ప్రతి ఇంట్లోనూ ఉంటాయి."

"ఊఁ," అన్నాడు డ్వేన్. అతని లెక్కలో అది ఉపన్యాసం.

మర్నాడు కాలేజీవాళ్లు స్కూల్లో సలహాదారు మార్లిస్‌కి ఫోన్ చేసి, ఆ ఇంట్లో ఏం జరిగిందని అడిగారు. మార్లిస్‌కి ఏమీ తెలియదు. కానీ ఆదివారం చర్చిలో డ్వేన్ కుంటడం కళ్లారా చూసింది. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. "డ్వేన్ కోసం ప్రార్థించండి" అని మాత్రం పదకొండు మందికి ఫోన్ చేసింది.

సాయంత్రానికి గుమ్మం ముందు మూడు హాట్‌డిష్‌లు. మాంసం మీద బంగాళాదుంప ముక్కలు పరిచి కాల్చిన ఆ వంటకం ఆ ఊళ్లో జబ్బు చేసిన ఇంటికీ, చావు జరిగిన ఇంటికీ పిలవకుండా వస్తుంది. గురువారానికి ఏడయ్యాయి. ఎనిమిదోదాన్ని పక్కింటి ఆర్డిస్ స్వయంగా పట్టుకొచ్చింది.

"ధైర్యంగా ఉండు తల్లీ. ఆపరేషన్ ఎప్పుడు?"

"ఎవరికి?"

ఆర్డిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, డ్వేన్ నీకింకా చెప్పలేదా!"

లోపల డ్వేన్ మూడోసారి వడ్డించుకుంటున్నాడు. "వాళ్లకేం చెప్పకు," అన్నాడు.

శుక్రవారం కాలేజీ నుంచి ఇంటికే ఫోన్ వచ్చింది. జోనెల్ ఎత్తింది.

"మీ అమ్మాయి నుంచి రెండు ఉత్తరాలొచ్చాయండీ," అందొక నెమ్మదైన గొంతు. "వచ్చే ఏడు ఒంటరిగా ఉండాలి, నాకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు, అందుకే వంట క్లాసుకి మారానని రెండు వారాల కిందటే రాసింది. సరేనన్నాం. ఈ రెండోదే అర్థం కావడం లేదు. అది తేలేదాకా సీటు ఆపి ఉంచాం. వివరణ అమ్మాయే రాయాలి."

జోనెల్ ఫోన్ పెట్టేసి కూర్చుంది. బ్రిట బడి నుంచి వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు.

అంతా విని బ్రిట, "చూసుకున్నానన్నానా లేదా?" అంది.

"తువ్వాలు కూడా అలాగే..."

"తువ్వాలు తీసి పది రోజులైంది. నువ్వే చూడలేదు."

కోటైనా విప్పకుండా, నిలబడే టైపు చేసింది. జోనెల్ కూతురి భుజం మీదుగా చదివింది.

"రెండో ఉత్తరం మా అమ్మ రాసింది. అందులో చెప్పిన కుటుంబ పరిస్థితి ఆవిడే."

పది నిమిషాల్లో జవాబొచ్చింది: "పూర్తిగా అర్థమైంది. సీటు నీదే."

ఆదివారం జోనెల్ ఎనిమిది గిన్నెలూ కడిగి, అడుగున టేపు మీద రాసిన పేర్ల ప్రకారం ఇంటింటికీ తిరిగి ఇచ్చివచ్చింది. ప్రతి గుమ్మంలోనూ డ్వేన్ కులాసాగా ఉన్నాడని చెప్పింది. ఎవరూ నమ్మలేదు, ఇద్దరు గిన్నె నింపి మళ్లీ చేతికిచ్చారు.