మాయమైన మాగ్నెట్ పుల్లర్

“యుగంధరూ! ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలు. నా పేరు వినగానే పారిపోయేవాళ్ళు, నా పేరు ఇంకా విననివాళ్ళు.”

“మరి నువ్వు పట్టుకున్నవాళ్ళో?”

“ఆ విభాగం ఇంకా ప్రారంభం కాలేదు,” అన్నాడు పల్లంరాజు గంభీరంగా, ఒళ్ళో ఉన్న స్టీలు డబ్బాలోంచి జంతిక తీసి విరుస్తూ.

భీమవరం పక్కన మా ఊళ్ళో పల్లంరాజుకి ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపుంది. పుట్టినరోజులకీ, ఓణీల ఫంక్షన్లకీ, ఎవరో గెలిచినందుకూ, ఎవరో పోయినందుకూ ఊళ్ళో జనం మొహాలన్నీ వాడి మిషన్లోంచే బయటికొస్తాయి. ‘ప్రతి మొహం నా కంప్యూటర్లో ఉంది, ఇక దొంగ ఎక్కడికి పోతాడు?’ అని ఒక శుభముహూర్తాన తన మొహం కూడా ప్రింటు తీసుకుని, కింద ‘ప్రైవేట్ డిటెక్టివ్’ అని వేసుకుని, షాపు ముందు కట్టుకున్నాడు. అప్పట్నుంచి మే నెల ఉక్కపోతలో కూడా రెయిన్ కోటు విప్పడు. నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. వాడి పక్కింట్లో ఉండటం తప్ప నేనే పాపమూ ఎరగను.

ఆ సాయంత్రం వాడి వరండాలో ఇద్దరం ఇలా లోకకల్యాణం గురించి మాట్లాడుకుంటూ ఉండగా గేటు చప్పుడైంది. ముందు మెకానిక్ ఆరోన్, వెనక చేపలమ్మే రత్తమ్మ. ఆరోన్ మొహం వాడిపోయి ఉంది. రత్తమ్మ మొహం చూస్తే మాత్రం మేమే వాడిపోవాలి.

“రాజుగారూ, నా పుల్లర్ ఏదండీ?” అన్నాడు ఆరోన్.

సంగతేమిటంటే, పల్లంరాజుకి వాళ్ళ నాన్నగారి కాలంనాటి మోపెడ్ ఒకటుంది. ఫోన్లో వీడియో చూసి దాన్ని సొంతంగా బాగుచేస్తానని ఆదివారం పూట కూర్చున్నాడు. ఇంజను పక్కనుండే మాగ్నెట్ చక్రం ఊడితే తప్ప దాని వెనక నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల దాకా చెయ్యి పోదు. ఆ చక్రాన్ని ఊడబెరకడానికే పుల్లర్ అని ఒకటుంటుంది. గుప్పెట్లో పట్టే ఇనప ముక్క, మధ్యలో ఓ బోల్టు. ఆ పాత మోపెడ్లకి సరిపోయేది ఇప్పుడెక్కడా దొరకదని ఆరోన్ రాజమండ్రిలో లేత్ మీద ప్రత్యేకంగా చేయించుకున్నాడు. ‘ఒక్కసారి వాడుకుని ఇచ్చేస్తాను’ అని మనవాడు పట్టుకొచ్చాడు.

“రత్తమ్మగారిదీ అదే మోడల్ బండండి. విప్పేసి కూర్చున్నాను. పుల్లర్ లేకపోతే ముందుకీ వెళ్ళను, వెనక్కీ రాను,” అన్నాడు ఆరోన్.

రత్తమ్మ చేతిలోని చేపల పెట్టె అరుగు మీద పెట్టి, దాని పక్కనే తనూ కూలబడింది. “పాలకొల్లులో కొత్తగా పెట్టిన హోటలాయన మొదటిసారి నాకు బేరం ఇచ్చాడండి. రేపు తెల్లారేసరికి నరసాపురం రేవుకెళ్ళి చేప పట్టుకెళ్ళకపోతే ఆ వాడిక ఇంకోళ్ళకి పోద్దండి. బస్సెక్కితే చేప వాసనని దింపేస్తారు. ఆటో ఎక్కితే లాభమంతా ఆటోవాడికే. పుల్లర్ కనబడేదాకా ఈ అరుగు దిగనండి, ఆయ్!”

పల్లంరాజు కళ్ళు మెరిశాయి. రెయిన్ కోటు కాలరు పైకెత్తాడు.

“ఆదివారం రాత్రి దాన్ని భోజనాల బల్ల మీద పెట్టాను. సోమవారం ఉదయానికి లేదు! తలుపులు వేసి ఉన్నాయి. కిటికీలు వేసి ఉన్నాయి. లోపల నేను, మా ఆవిడ, ఒక ఫ్రిజ్. యుగంధరూ, ఇది ఆషామాషీ దొంగతనం కాదు. దీని వెనక అంతర్రాష్ట్ర ముఠా ఉంది.”

“అంతర్రాష్ట్ర ముఠాకి పాత మోపెడ్ పుల్లర్ ఎందుకురా?”

“అదే వాళ్ళ తెలివి. ఎందుకో మనకి తెలియకూడదు.”

గుమ్మంలోంచి వాడి భార్య లక్ష్మి తొంగిచూసింది. “ఏంటండీ గోల? ఆ పుల్లరు నేను...”

“లక్ష్మీ! సాక్షులు అడిగినప్పుడే నోరు విప్పాలి. నీ వంతు చివర్లో.”

“ఒరేయ్, ముందు చెల్లెమ్మని అడగరా,” అన్నాను.

“భార్యని అడిగి తెలుసుకుంటే దాన్ని సంసారం అంటారు. అడక్కుండా తెలుసుకుంటే దాన్ని పరిశోధన అంటారు.”

లక్ష్మి నా వంక చూసి నిట్టూర్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆ నిట్టూర్పు పాతదే, పెళ్ళైన దగ్గర్నుంచీ వాడుకలో ఉన్నదే.

పల్లంరాజు డబ్బాని చంకన పెట్టుకుని, భూతద్దం తీసి నేల మీదికి వంగాడు. “ఆహా! నూనె మరక! నేరస్థుడి అడుగుజాడ!” అంటూ మరకల వెంట గొంతుక్కూర్చుని నడిచాడు. వరండా దాటాడు, మెట్లు దిగాడు, వాకిలి సగం చుట్టాడు, చివరికి తన మోపెడ్‌కే తల కొట్టుకున్నాడు. బండిలోంచి నూనె ఇంకా కారుతూనే ఉంది.

“అదేంటండీ, బాగుచేశానన్నారు?” అన్నాడు ఆరోన్.

“చేశాను. ఇంతకు ముందు అసలు కారేదే కాదు.”

తిరిగొచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి చూశాను. గోడ మీంచి కుర్చీ కాలు మీదుగా వాడి ఒళ్ళో డబ్బా దాకా చీమల బారు.

“ఒరేయ్, జంతికలకి ఇన్ని చీమలేంటిరా? అందులో తీపి ఏముందని?”

“యుగంధరూ, గొప్ప కేసుల్లో ఇలాంటి అప్రస్తుత విషయాలు బోలెడు అడ్డొస్తాయి. వాటిని దులిపెయ్యాలి,” అని నిజంగానే దులిపేశాడు.

“అన్నయ్యగారూ, ఆ డబ్బా...” అంది లక్ష్మి.

“వంతు!” అని అరిచాడు పల్లంరాజు. తరవాత చూపుడువేలు ఆరోన్ వైపు తిప్పాడు. “పుల్లర్ పోతే నష్టం ఎవరికి? నీకు. అనుమానం ఎవరి మీద రాదు? నీ మీద. కాబట్టి ఎవరు చేసుండాలి?”

“నా పుల్లర్ నేనే కొట్టేసి మిమ్మల్ని అడగడానికొచ్చానా అండీ?”

“అదే నీ తెలివి!”

ఆరోన్ రెండు చేతులూ జోడించాడు. వాడు పాపం మంచివాడు. వేలు అక్కణ్ణించి రత్తమ్మ మీదికి మళ్ళింది. ఆవిడ చేపల పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

“ఆ పెట్టెలో ఏముంది?”

“అమ్మగా మిగిలినవండి. దాన్లో చెయ్యి పెట్టకండి బాబూ.”

“చెయ్యి పెట్టకూడదా! విన్నావా యుగంధరూ? నేరం తనంతట తానే మాట్లాడింది!”

“పెట్టకండి బాబుగారూ, చెప్తున్నాను...”

డిటెక్టివ్ పల్లంరాజు కుర్చీలోంచి ముందుకి వంగి, మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. విజయగర్వంతో ఒక్కసారి మా అందరి వంకా చూశాడు. తరవాత ఆ మొహం ఎన్ని రంగులు మారిందో వాడి మిషన్ కూడా అన్ని రంగులు ప్రింటు చెయ్యలేదు.

“అమ్మోయ్!”

ఎగిరి నిలబడ్డాడు. వేలికి అరచేతి వెడల్పు పీత వేళ్ళాడుతోంది. ఒళ్ళోని డబ్బా ఎగిరి గచ్చు మీద బోర్లా పడింది. జంతికలు నలుదిక్కులా పోయాయి. వాటి వెనకాల, డబ్బా ఆకారంలోనే, ఒక ఎర్రటి దిమ్మ దభీమని బయటపడింది. బెల్లం గవ్వలు ఒకదాన్నొకటి కరుచుకుని రాయిలా బిగిసిపోయిన దిమ్మ. దాని అడుగునుంచి కవరు చించుకుని ఒక బోల్టు బయటికి చూస్తోంది.

“నా పుల్లర్!” అన్నాడు ఆరోన్.

రత్తమ్మ పీతని నింపాదిగా విడిపించి పెట్టెలో వేసుకుంది. పల్లంరాజు వేలు నోట్లో పెట్టుకున్నాడు. వాడి నోరు ఖాళీ లేకపోవడంతో లక్ష్మికి చివరికి వంతొచ్చింది.

“ఆదివారం రాత్రే సబ్బుపెట్టి తోమి, కవర్లో చుట్టి, డబ్బా అడుగున పెట్టాను. ఒకళ్ళ వస్తువు వాడుకుని ఉత్తిదే పంపిస్తామా? మీద వేడివేడి గవ్వలు పోశాను. ‘అడుగున పుల్లర్ ఉంది, ఆరోన్ వాళ్ళావిడ ఉషారాణికి చెప్పండి’ అని ఈయనకి చెప్పి మరీ వాళ్ళింటికి పంపాను.”

“ఒరేయ్, డబ్బా తీసుకెళ్ళింది నువ్వేనా!” అన్నాను.

“గవ్వలిచ్చానుగా,” అన్నాడు పల్లంరాజు నోట్లో వేలుతోనే. “అది చెప్పినప్పుడు నేను ఆలోచనలో ఉన్నాను.”

“మరి మీ ఆవిడ డబ్బా ఖాళీ చెయ్యలేదా?” అని ఆరోన్‌ని అడిగాను.

ఆరోన్ తల గోక్కున్నాడు. “పైన నాలుగు ఊడొచ్చాయండి. మిగతావి గరిటెతో పొడిచినా రాలేదు. పాకం ముదిరిందని చెప్తే అమ్మగారు నొచ్చుకుంటారని, అలా అని డబ్బా ఉత్తిదే పంపకూడదు కదాని, వాటి మీదే జంతికలు పోసి పంపేసింది మా ఉషారాణి.”

లక్ష్మి మెల్లగా నా వైపు తిరిగింది.

“అన్నయ్యగారూ, మీకూ పంపాను కదా. మీకూ అంతేనా?”

“చాలా... నిలకడగా ఉన్నాయమ్మా,” అన్నాను. ఆ గవ్వల ధర్మమా అని ఎడమవైపు దవడ పన్ను ఇంకా సలుపుతూనే ఉంది.

ఆరోన్ దిమ్మని నేలకేసి కొట్టాడు. గచ్చు పెచ్చు లేచింది గాని దిమ్మకి ఏమీ కాలేదు. బోల్టు పట్టుకుని లాగి, చెమట తుడుచుకుని, “దీన్ని లాగాలంటే ఇంకో పుల్లర్ కావాలండి,” అన్నాడు.

“ఊరుకోండి, బెల్లమే కదా,” అని రత్తమ్మ లేచి సరాసరి వంటింట్లోకి నడిచింది. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి దిమ్మని అందులో పడేసింది. కాసేపటికి గవ్వలు వదులయ్యాయి, పుల్లర్ పట్టకారుకి అందింది. ఆరోన్ దాన్ని కడిగి, చొక్కాకి తుడుచుకుని షాపుకి పరిగెత్తాడు. దీపాలు పెట్టే వేళకి రత్తమ్మ మోపెడ్ మా వీధిలోంచి టపటపలాడుతూ వెళ్ళింది. నాకు భలే సంతోషం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ మళ్ళీ వచ్చింది. హోటలాయన రోజూ చేప తెమ్మన్నాడట. మొహం వెలిగిపోతోంది. లక్ష్మికి ఓ గిన్నె నిండా రొయ్యల ఇగురు ఇచ్చి వెళ్ళింది. అప్పటికే సెంటర్లో కొత్త ఫ్లెక్సీ లేచింది. ‘పుల్లర్ కేసును చాకచక్యంగా ఛేదించిన పల్లంరాజుగారికి అభినందనలు’ అని నిలువెత్తు ఫోటో. అభినందించేవాళ్ళలో మొదటి పేరు నాదే. ఓ మూల చిన్నగా ఆరోన్ ఫోటో, కింద ‘అనుమానితుడు (విడుదల)’.

సాయంత్రం పల్లంరాజు మా ఇంట్లోకి దూసుకొచ్చాడు. “యుగంధరూ! ఘోరం! నా భూతద్దం మాయం! దుండగులు నా కంటినే కాజేశారు! నువ్విక్కడే ఉండు, నేను మేడమీద ఆనవాళ్ళు చూసొస్తాను,” అని నా డాబా మెట్లెక్కాడు.

ప్రహరీ గోడ అవతల్నుంచి లక్ష్మి పిలిచింది. చేతిలో రత్తమ్మ గిన్నె. నిండా బెల్లం గవ్వలు, పాకం నిగనిగలాడుతోంది.

“అన్నయ్యగారూ, కాస్త ఇది రత్తమ్మకిచ్చి రండి. గిన్నె ఉత్తిదే పంపకూడదు కదా.”

అందుకున్నాను. గవ్వలకుండే బరువు కాదది. నేను లక్ష్మి మొహంలోకి చూశాను. ఆవిడ ఒకసారి మా డాబా వైపు చూసి, గొంతు తగ్గించింది.

“ఈసారి పాకం కావాలనే ముదరబెట్టానండి.”