గోడ లోపలి గొట్టం, గోడ బయటి గొట్టం

అద్దింట్లో నీళ్లు కారడాన్ని మించిన అదృష్టం మరొకటి లేదు! నవ్వకండి. పదకొండు నెలలు ఆ అదృష్టాన్ని అనుభవించినవాణ్ణి, నాకు తెలియదా?

మాది పై వాటా. ఓనరుగారు కింద వాటాలో ఉంటారు. మా స్నానాలగదికీ పడగ్గదికీ మధ్య గోడ దగ్గర ఎక్కడో గొట్టం కారి, గోడకి చెమ్మ పట్టడం మొదలైంది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ చెమ్మ ఎంత మేర పాకిందో చూసేవాళ్లం. టీవీ పెట్టడమే మానేశాం! మచ్చ కనబడకుండా మా ఆవిడ దాని మీద కేలండర్ తగిలించింది. చెమ్మ దిగినకొద్దీ కేలండరూ దిగింది. ఆఖరికి ఇవాళ తేదీ ఎంతో చూడాలంటే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవలసి వచ్చేది. ఖర్చు లేని యోగా!

చుట్టాల సంగతి చెప్పాలా? నాలుగు రోజులుందామని వచ్చిన మా బావమరిది మర్నాడే పెట్టె సర్దుకున్నాడు. "ఇదేంటి బావా, తలగడ పిండితే నీళ్లొస్తున్నాయి?" అన్నాడు. ఇంతటి మేలు ఏ ఇంటి వాస్తు చేస్తుంది చెప్పండి!

మరి బాగు చేయించే బాధ్యత ఎవరిదంటారా? అగ్రిమెంటులో శుభ్రంగా రాసి ఉంది. గోడ లోపలి గొట్టం ఓనరుది, గోడ బయటి గొట్టం అద్దెకున్నవాళ్లది. అబ్బ, ఎంత న్యాయం అని మురిసిపోయి సంతకం పెట్టినవాణ్ణి నేనే.

ప్లంబర్ వచ్చాడు. స్క్రూడ్రైవర్ మొన గోడకీ, పిడి చెవికీ ఆనించి, కళ్లు మూసుకుని డాక్టరులా విన్నాడు.

"లోపలే అనిపిస్తోంది సార్. కానీ కళ్లతో చూడందే చెప్పలేను. గోడ కొట్టాలి."

నేను కిందికి పరిగెత్తాను.

"లోపలిదని తేలనివ్వండి, క్షణంలో చేయించేస్తాను," అన్నారు ఓనరుగారు.

"తేలాలంటే గోడ పగలగొట్టాలటండీ."

"తేలకుండా నా గోడ మీద చెయ్యేస్తే ఊరుకునేది లేదు!"

చూశారా, ఎంత పకడ్బందీగా ఉందో! పైకీ కిందికీ ఆ మెట్లు ఎక్కి దిగడంలో నా బాన పొట్ట ఇట్టే కరిగిపోయింది.

ఈ అదృష్టాన్ని గుర్తించనిది మా ఇంట్లో ఒక్క చిన్నదే. ఆరేళ్ల పిల్ల. దాని మంచం ఆ గోడ పక్కనే, ఇంకోచోట వేద్దామంటే జాగా లేదు. దగ్గు పట్టుకుంది, వదల్లేదు. చెమ్మకి దూరంగా ఉంచమన్నారు డాక్టరుగారు. అది దగ్గినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు మా ఆవిడ సుత్తి పట్టుకుని లేచింది. "నేనే పగలగొడతా, ఎవరడ్డొస్తారో చూస్తా!" అంది. అగ్రిమెంటు చూపించి ఆపాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ఓనరుగారు తువ్వాలుతో తల తుడుచుకుంటూ మా తలుపు బాదారు. వెనకాలే ప్లంబర్! కింద ఆయన పడగ్గది కప్పు నుంచి నీటిచుక్క రాలిందట, సరిగ్గా ఆయన నడినెత్తిన.

"లోపలిదో బయటిదో ఇంకా తేలలేదు కదండీ?" అన్నాను భయంభయంగా.

"లోపలేంటి, బయటేంటి! ముందు కొట్టవయ్యా!" అని ప్లంబర్ మీద కేకలేసి, నా వైపు తిరిగారు. "ఇన్నాళ్లూ పైన కూర్చుని ఏం చేస్తున్నారండీ? ఇల్లు చూసుకునేది ఇలాగేనా?"

నలభై నిమిషాల్లో గొట్టం మారింది. అన్నట్టు, అది గోడ లోపలిదే. వారం తిరిగేసరికి చిన్నది దగ్గకుండా నిద్రపోయింది. మా ఆవిడ మాత్రం నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.

అందుకని అయ్యలారా, అమ్మలారా, అద్దిల్లు వెతుక్కునేటప్పుడు గాలీ వెలుతురూ చూడకండి. అగ్రిమెంటు అసలే చదవకండి. ఓనరుగారు మంచం ఎక్కడ వేసుకుంటారో ఒక్కటి అడగండి. సరిగ్గా దాని పైనున్న వాటా తీసుకోండి!