పెద్దపులి కొరికిన పెర్సిమన్

ఒక పెద్ద అడవిలో జంతువులకంటే కమిటీలే ఎక్కువ. నీళ్ళకొక కమిటీ, నీడకొక కమిటీ, ఆ కమిటీలు సరిగా కూర్చుంటున్నాయో లేదో చూడటానికి ఇంకో కమిటీ. అన్నిటికీ అధ్యక్షుడు పెద్దపులి, అన్నిటికీ కార్యదర్శి నక్క.

ఏ కమిటీలోనూ లేని ముసలి ఎలుగుబంటి ఒకతె అక్కడే ఉండేది. పేరు లచ్చవ్వ. ఆమెకు తెలిసిందల్లా వాగు అవతలి తునికి తోపు. ఎండాకాలం అడవంతా మాడిపోయినప్పుడు ఆమె మనవలూ, దుప్పులూ, కోతులూ ఆ తునికి పండ్లమీదే బతికేవి.

ఒకరోజు పట్నం నుంచి ఒక చిలక ఎగిరొచ్చింది. మూడేళ్ళు పండ్ల దుకాణంలో పంజరంలో ఉన్న చిలక అది. దుకాణదారు బేరానికొచ్చినవాళ్ళకు చెప్పే మాటలన్నీ దానికి కంఠతా వచ్చు.

"పెర్సిమన్ పండు! కంటిచూపుకు ఎ విటమిను, ఒంట్లో బలానికి సి విటమిను! గుండెకు మంచిది! పీచు ఎక్కువ, పొద్దున్నే కడుపు సాఫీ!" అని చెట్టుచెట్టుకూ తిరిగి చెప్పింది.

కంటిచూపు అన్న మాట వినగానే పులి చెవులు నిక్కబొడుచుకున్నాయి. పాపం, ఏడాదిగా దానికి దూరాన ఉన్నది దుప్పో పుట్టో తెలియడం లేదు. సంగతి బయటికి పొక్కితే పదవి ఊడుతుంది. ఇక నక్క సంగతా, దాని బావమరిదికి కొండ అవతల పెర్సిమన్ మొక్కల నర్సరీ ఉంది. అలా ఇద్దరికీ ప్రజల ఆరోగ్యం మీద ఒకేసారి శ్రద్ధ పుట్టుకొచ్చింది.

మూడు రోజుల్లో తీర్మానం తయారైంది. తునికి తోపు కొట్టేసి, ఆ జాగాలో పెర్సిమన్ నాటాలి.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఎంత పెద్ద తీర్మానమైనా అధ్యక్షుడు అందరి ముందూ నిలబడి, తన నోటితో "అమలు చేయండి" అంటేనే అమలు. ముహూర్తం పెట్టిన రోజు పొద్దు గుంకేలోగా ఆ మాట పడకపోతే తీర్మానం రద్దు. మళ్ళీ ఏడాది దాకా ఎత్తకూడదు.

లచ్చవ్వ నక్క దగ్గరికి వెళ్ళింది. నర్సరీ నుంచి వచ్చిన పండ్ల బుట్ట అక్కడే ఉంది. నిగనిగలాడే నారింజ రంగు పండ్లు. ఒకటి తీసి తొడిమ చూసింది, ముక్కుతో నొక్కింది.

"సారూ, గిది మా తునికికి చుట్టమే. తొడిమ మీద గా నాలుగాకుల టోపీ సూడు. గట్టిగున్నప్పుడు తింటే వగరుకు నోరు పడిపోతది. మెత్తవడేదాక ఆగాలె."

"రంగు వచ్చిందా లేదా?" అంది నక్క.

"రంగొస్తే ఏమాయె? లోపల పచ్చిగనే ఉన్నది."

"చూడవ్వా, ముహూర్తం రేపు సాయంత్రం. పండు కోసం ముహూర్తం మారదు. రంగుల కమిటీ దీన్ని పరిశీలించి సంతకం పెట్టింది. నువ్వు ఏ కమిటీ?"

లచ్చవ్వ అంతటితో వదల్లేదు. మర్నాడు సభలో లేచి మళ్ళీ చెప్పబోతే నక్క "కూర్చోవమ్మా, అభివృద్ధికి అడ్డం పడకు" అని గదమాయించింది. వాగు అవతల ఏనుగు అప్పటికే మొదటి తునికి చెట్టుకు తొండం చుట్టి, ఆజ్ఞ కోసం ఎదురుచూస్తోంది. ఆ చెట్టు కిందే లచ్చవ్వ తన పిల్లలకు పండ్లు ఏరడం నేర్పింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఒక ఆలోచన కూడా వచ్చింది.

పులి వేదిక ఎక్కి పండు అందుకుంది. ముందు తిని చూపించి, ఆ తర్వాత ఆజ్ఞ ఇవ్వాలని కార్యక్రమం.

"దొరా, తప్పయింది," అంది లచ్చవ్వ చేతులు జోడించి. "గింత మంచి పండుకు అడ్డమొచ్చిన. ఒక్కటేం సరిపోతది? నాలుగు తినుండ్రి. కండ్లు గద్ద కండ్లయితయి!"

పులి నాలుగూ నోట్లో కుక్కుకుని పరపరా నమిలింది. అధ్యక్షుడు నాలుగు తింటే వెనకబడతామా అని నక్క మూడు తింది. కమిటీ సభ్యులందరూ తలా రెండు లాగించారు.

ముందు పులి మీసాలు వణికాయి. తర్వాత మూతి సున్నా చుట్టుకుంది. నాలుక మొద్దుబారి అంగిలికి అంటుకుపోయింది.

"అమ్... మ్మ్..." అంది పులి.

"ఏమన్నారు సార్?" అని అవతలి నుంచి అరిచింది ఏనుగు. "స్పష్టంగా సెలవియ్యండి. రేపు ఏదైనా అయితే నా మీదికొస్తుంది!"

"మ్మ్... ఉమ్మ్..."

పులి నక్క వైపు చూసింది. నక్క మూతి కూడా బిగుసుకుపోయి, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. వేదిక మీద ఒక్కరికీ మాట లేదు. పైకొమ్మ మీద చిలక మాత్రం ఆపకుండా చెబుతోంది: "గుండెకు మంచిది! కడుపు సాఫీ!"

"నువ్వు తినలేదా?" అని అడిగింది పక్కనున్న ఉడుత.

"నేను లాభాలు చెప్పేదాన్ని. తినేదాన్ని కాదు," అంది చిలక.

పొద్దు గుంకింది. ఏనుగు నియమం తప్పని ఉద్యోగి. తొండం విప్పుకుని ఇంటికి పోయింది.

నాలుగు రోజులు అధ్యక్షుడికి మాటా రాలేదు, కడుపూ సాఫీ కాలేదు. ఆ నాలుగు రోజుల్లో ఒక్క తీర్మానం లేదు, ఒక్క కమిటీ కూర్చోలేదు. దుప్పులు హాయిగా మేశాయి, వాగులో నీళ్ళు ఎవరి అనుమతీ లేకుండా పారాయి. ఐదోరోజు గొంతు పెగలగానే పులి మొదట నర్సరీ నడిపే నక్క బావమరిదిని పిలిపించింది. అతను అప్పటికే కొండ దిగి పారిపోయాడు.

వదిలేసిన బుట్టను లచ్చవ్వ తన గుహకు తెచ్చుకుంది. పండ్లను ఎండుటాకుల్లో పొదిగి పదిహేను రోజులు ఓపిక పట్టింది. అప్పుడు తోలు పలచబడి, తేనెముద్దల్లా తయారయ్యాయి. మనవలతో కలిసి ఒక్కొక్కటే జుర్రుకుంది. విటమిన్ల సంగతి ఆమెకు తెలియదు గానీ, రుచి మాత్రం దివ్యంగా ఉంది.

ఇందులోంచి ఏరుకోవలసింది ఇంతే: పెర్సిమన్ పండాక తింటే తిన్నవాళ్ళకు ఆరోగ్యం, పచ్చిగా ఉండగా పాలకులు తింటే ప్రజలకు ఆరోగ్యం.