'కొనకండి'లో క

ఆ శనివారం పొద్దున కృపమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగాలి. 'కొల్లేటి గాలి' వారపత్రికలో తన సమీక్ష ఎలా పడిందో చూసుకోవాలి. ఆ తర్వాత మిషను ముందు కూర్చుని పెళ్ళివారి జాకెట్లకు చేతులు అతకాలి. మూడింటిలో మొదటిది కూడా సగమే అయింది.

ఏలూరు పవర్‌పేటలో ఆమెది టైలరింగు. బడి ఏడో తరగతితో ఆగింది గాని చదువు ఆగలేదు. మిషను పక్కన ఎప్పుడూ ఒక నవలో, ఎంబ్రాయిడరీ పుస్తకమో తెరిచే ఉంటుంది. ఇంట్లో కూర్చుని నవలలు చదువుకునేవాళ్ళ కోసం, పుస్తకం చూసి చేతిపనులు నేర్చుకునేవాళ్ళ కోసం తొమ్మిదేళ్ళుగా 'కొనాలా, మానాలా?' అనే శీర్షిక రాస్తోంది. పెద్ద చదువుల సమీక్షకులకు ఒక పుస్తకం బాగోలేదని చెప్పడానికి రెండు పేజీలు కావాలి. రచయితకు కోపం రాకూడదు, చదివేవాడికి అర్థం కాకూడదు. కృపమ్మకు అంత తీరిక లేదు. పుస్తకం ఎందుకు బాగుందో, ఎందుకు తగలబడిందో మొహమాటం లేకుండా రాసి, చివర ఒక్క మాట పెడుతుంది: 'కొనండి', లేదా 'కొనకండి'. అంతే. ఆ మాట పట్టుకుని ఇటు పెదపాడు నుంచి అటు తాడేపల్లిగూడెం దాకా ఆడవాళ్ళు పుస్తకాలు కొన్నారు, మానుకున్నారు. ఆ నమ్మకం తప్ప ఆమె ఇన్నేళ్ళలో వెనకేసుకున్నది ఏమీ లేదు.

ఆ వారం పుస్తకం 'ఊర్మిళ అల్లిన టోపీ'. తాడేపల్లిగూడెంలో ఫ్యాన్సీ షాపు నడిపే వీరరాఘవులుగారి భార్య భ్రమరాంబ రాసింది. అది నవలా అవును, చేతిపని పుస్తకమూ అవును. ఊర్మిళ తన అక్కకు పుట్టబోయే బిడ్డ కోసం ఊలు టోపీ అల్లుతూ ఉంటుంది. ప్రతి అధ్యాయం చివరా చదివేవాళ్ళు కూడా సూది పట్టుకుని ఆమెతో పాటు కొంత అల్లుకోవచ్చు. ఆలోచన మంచిదే. కాని పన్నెండో అధ్యాయంలో "ఇలాగే వరస మీద వరస అల్లుకుంటూ పోవాలి" అని చెబుతూ ఉండగా గుమ్మంలో కథానాయకుడు ప్రత్యక్షమయ్యాడు. ఊర్మిళ టోపీ పక్కన పడేసింది. ఆ పైన ప్రేమ, అలక, వాన, పెళ్ళి. టోపీ ఎక్కడ ఆపాలో, నెత్తి ఎలా మూయాలో ఎవ్వరూ చెప్పలేదు.

కృపమ్మకు ఒళ్ళు మండింది. "దీన్ని నమ్మి సూది పట్టుకున్న మనిషి చచ్చేదాకా అల్లుతూనే ఉండాలి. కథానాయకుడికి సిగ్గు లేదు, టోపీకి చివర లేదు. కొనకండి" అని రాసి పంపింది.

ఇప్పుడు పత్రిక తెరిచి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. 'సిగ్గు లేదు' ఉంది, 'చివర లేదు' ఉంది. చివరి మాట దగ్గర కాఫీ గొంతుకు అడ్డం పడింది.

'కొనండి.'

"ఏవండీ! 'క' పోయిందండీ!" అని అరిచింది.

ఆమె భర్త మత్తయి పెరట్లోంచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు పోయారే? కమలాకరంగారా? నిన్న సాయంత్రం కూడా బజార్లో కనబడ్డారే!"

"మనిషి కాదండీ, అక్షరం!"

"అక్షరమేనా? చచ్చానే, చొక్కా కూడా తొడిగేసుకున్నాను" అని ఆయన మళ్ళీ పెరట్లోకి వెళ్ళిపోయాడు.

కృపమ్మ పత్రిక ఆఫీసు మెట్లెక్కేసరికి అక్కడ జయంత్ ఒక్కడే ఉన్నాడు. కంప్యూటర్లో పేజీలు కట్టేది అతనే.

"నా 'క' ఏదయ్యా?" అంది.

జయంత్ పత్రిక చూసి, తల గోక్కుని, మర్యాదగా లేచి నిలబడ్డాడు. "అది లైన్లో పట్టలేదండీ. 'కొనకండి' అని వేస్తే 'డి' కింద లైనులోకి జారిపోతోందండీ. కిందేమో తలనొప్పి మందు ప్రకటనండీ. ఎక్కడికి తోయనండీ? ఒక్క అక్షరమే కదండీ తీసింది."

"తీస్తే తీశావు, పైన అంత రాశాను కదయ్యా, అందులోంచి తీసుకోలేకపోయావా?"

"తీసెయ్యచ్చండీ. పైనంతా ఎలాగూ ఎవరూ..." అని నాలుక్కరుచుకుని, "కూర్చోండి, టీ చెప్తాను" అన్నాడు.

ఎడిటరు విజయ్ కుమార్ ఫోన్లో ఇంకా మెత్తగా మాట్లాడాడు. "కంగారు పడకండమ్మా. వచ్చే వారం సవరణ వేసేద్దాం. చిన్న పత్రికన్నాక అక్షరాలు అటూ ఇటూ అవుతుంటాయి."

వారం! వారంలో ఎంతమంది సూదులు పడతారో ఆయనకేం తెలుసు? కృపమ్మ తిన్నగా పుస్తకాల షాపుకు పోయింది. అప్పటికే ఒకావిడ 'ఊర్మిళ అల్లిన టోపీ' చేత్తో పట్టుకుని కౌంటరు దగ్గరుంది. కృపమ్మ "కొనకండి, కొనకండి!" అంటూ ఆ పుస్తకం మీద చెయ్యి వేసింది. ఆవిడ వెనక్కి లాక్కుంది. "అదేంటండీ, ముందు నేను తీసుకున్నానండీ. కృపమ్మగారు కొనమన్న పుస్తకం దొరకడమే అరుదండీ, మీకు కావాలంటే ఇంకోటి అడగండి" అని, ఎందుకైనా మంచిదని మరొకటి కూడా కట్టించేసింది.

ఇంటికి రాగానే పెదపాడు నుంచి రమ్య ఫోను. అక్కడి చర్చి స్త్రీల సమాజానికి రమ్య కార్యదర్శి; వరసకు కృపమ్మను పిన్నీ అంటుంది.

"పిన్నీ, మీరు 'కొనండి' అన్నారు కదా అని మా సమాజంలో తలా ఒకటీ తెప్పించేశామండీ. క్రిస్మస్‌కి ఆసుపత్రిలో పసిపిల్లలకి టోపీలు పంచుదామనండీ."

"వద్దు రమ్యా! అది అచ్చుతప్పు. పైన నేనేం రాశానో చదవలేదూ?"

"చదవడమెందుకండీ పిన్నీ? చివర మీ మాట చూసుకున్నాం కదా. మాకు మీ మీద అంత నమ్మకమండీ."

"నేను చెబుతున్నానుగా, కొనకండి అని!"

"ఇప్పుడెలా కొంటామండీ, కొనేశాం కదా!" అని రమ్య నవ్వి పెట్టేసింది.

ఆ వారమంతా కృపమ్మ మిషను మీద నిలకడగా కూర్చున్న పూట లేదు. ఒక జాకెట్టుకు రెండు చేతులూ ఒకే పక్కన కుట్టింది. శనివారం పత్రిక గుమ్మంలో పడీ పడకముందే అందుకుంది. సవరణ పడింది. నల్లటి గీతల మధ్య, అందంగా.

'గత వారం "కొనండి" అని అచ్చయినది. పాఠకులు దానిని "కొనండి" అని చదువుకోవలసిందిగా మనవి.'

జయంత్ ఈసారి మెట్ల మీదే ఎదురయ్యాడు. "పేజీలో ఆ కాలమే అంత ఇరుకండీ కృపమ్మగారూ. కంప్యూటర్‌కి కూడా అది అలవాటైపోయినట్టుందండీ."

ఒక పుస్తకాన్ని కృపమ్మ రెండు వారాలు వరసగా కొనమనడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు. జనం అదిరిపోయారు. పుస్తకం రెండో ముద్రణకు వెళ్ళింది. ఉండిలో ఊలు అయిపోయింది, పెంటపాడులో అయిపోయింది, వీరరాఘవులుగారు లారీకి చెప్పారు. చేపల మార్కెట్టులో ఒకావిడ కృపమ్మ చెయ్యి పట్టుకుని, "ఊరందరికీ టోపీ పెట్టేశారు కదండీ!" అంది. ఆవిడ మెచ్చుకుంటూ అన్నదే. కృపమ్మ మాత్రం తెచ్చుకోవాల్సిన కొర్రమీను అక్కడే వదిలేసి వచ్చేసింది.

పెదపాడులో టోపీలు పన్నెండో అధ్యాయం దాటాయి. వరస మీద వరస. రమ్య టోపీ ఒడిలోంచి దిగి, మంచం దిగి, గడప దాటింది. వాళ్ళాయన సాల్మన్ చేపల చెరువు కాపలాకు వెళ్తూ చలికి దాన్ని మెడకు చుట్టుకున్నాడు. మిగిలింది మోటారు సైకిలు చక్రంలో చుట్టుకుని, మనిషీ బండీ కలిసి గట్టు దిగి చేపల మధ్య తేలారు.

"పిన్నీ, ఇంత పొడుగు తలల పిల్లలు ఎక్కడుంటారండీ?" అని రమ్య ఫోన్లో ఏడుపుగొంతు పెట్టింది.

"ఆపెయ్యండి తల్లీ!"

"ఎక్కడ ఆపాలో పుస్తకంలో లేదండీ. మీరు రెండుసార్లు కొనమన్నారంటే ఏదో కారణం ఉండే ఉంటుందని అల్లుతున్నామండీ."

సరిగ్గా అప్పుడే భ్రమరాంబ నుంచి పిలుపు వచ్చింది. గొంతు వెన్నలా ఉంది. "కృపమ్మగారాండీ? నాకు గూడెంలో చిన్న సన్మానం పెట్టారండీ. ముఖ్య అతిథి మీరేనండీ. మీరు రాకపోతే నేను స్టేజీ ఎక్కనండీ."

"వస్తానండీ. తప్పకుండా వస్తాను" అంది కృపమ్మ. పళ్ళ మధ్యలోంచి అంది.

మత్తయికి అనుమానం వచ్చింది. "ఆవిడ శాలువా కప్పడానికి పిలుస్తుంటే నువ్వక్కడ గొడవ పెట్టుకోకే."

"శాలువా భుజాలకే కదండీ కప్పుతారు, నోటికి కాదుగా."

తాడేపల్లిగూడెంలో హాలు ఆడవాళ్ళతో కిటకిటలాడుతోంది. వాళ్ళలో సగం మంది ఒళ్ళో ఊలు పెట్టుకుని అల్లుతూనే ఉన్నారు. రెండో వరసలో మొదలైన ఒక టోపీ మూడో వరసలో మరొకావిడ కాళ్ళ దగ్గర తేలింది. పెదపాడు సమాజం రమ్యతో సహా దిగింది. విజయ్ కుమార్ స్టేజీ మీద మధ్య కుర్చీ పట్టాడు. కృపమ్మను మాట్లాడమనగానే ఆమె మైకు లాక్కుంది. "నా సమీక్షలో ఒక అక్షరం మింగేశారు. నేను రాసింది రాసినట్టు చెబుతాను, వినండి" అని మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టింది.

హాలు గతుక్కుమంది. సూదులు ఆగాయి. కథానాయకుడి దగ్గరకు వచ్చేసరికి ఎవరో కిసుక్కుమన్నారు. "చచ్చేదాకా అల్లుతూనే ఉండాలి" అనగానే పెదపాడు వరస మొత్తం పగలబడి నవ్వింది. "కథానాయకుడికి సిగ్గు లేదు, టోపీకి చివర లేదు" అన్నప్పుడు చప్పట్లు. చివరికి ఆమె బల్ల గుద్ది, "కొన-కండి!" అని 'క'ను పైకప్పు దాకా విసిరేసింది. జనం లేచి నిలబడ్డారు.

"పిన్నీ!" రమ్య కళ్ళు తుడుచుకుంటూ అరిచింది. "మీరు ప్రతి వారం ఇలాగే రాస్తారా ఏంటండీ?"

"తొమ్మిదేళ్ళుగా ఇలాగే రాస్తున్నాను."

"అయ్యో, మాకెవరూ చెప్పలేదండీ!"

కృపమ్మ మైకు బల్ల మీద పెట్టేసింది. కుర్చీ వెతుక్కుని కూర్చుంది. పోయింది 'క' ఒక్కటే అనుకుంది ఇన్నాళ్ళూ. ఆ మాట పైన తాను రాసిందంతా తొమ్మిదేళ్ళ కిందటే పోయింది. జయంత్ నోరు జారి చెప్పబోయింది అదే.

భ్రమరాంబ నెమ్మదిగా మైకు అందుకుంది. మొహంలో కోపం ఛాయ కూడా లేదు. "కృపమ్మగారు చెప్పిందంతా నిజమేనండీ. నేను జన్మలో సూది పట్టుకోలేదండీ. షాపులో ఊలు మిగిలిపోయిందని మావారు దిగులుపడుతుంటే ఈ నవల రాశానండీ. టోపీ అయిపోతే మీరు ఊలు కొనడం ఆపేస్తారు కదండీ, అందుకని కథానాయకుణ్ణి లోపలికి పంపించేశానండీ."

దానికి ఇంకా పెద్ద నవ్వు లేచింది. ఇంత నిజం చెప్పిన మనిషిని ఎవరు తిడతారు? గాలి ఎటు వీస్తోందో కనిపెట్టడంలో విజయ్ కుమార్ ఘనుడు. అక్కడికక్కడే లేచి, కృపమ్మగారి సమీక్షలన్నీ పుస్తకంగా వేస్తున్నామని ప్రకటించేశాడు.

పుస్తకం వేసవిలో వచ్చింది. పేరు 'కొనాలా, మానాలా?'. కృపమ్మ దాన్ని మిషను మీద పెట్టుకుని రోజుకోసారి ముట్టుకునేది. ఇన్నాళ్ళకు జనం మొదటి మాట నుంచి చదువుతారు. పత్రికలో దాని మీద ఎవరో ఒకరు రాయాలి కదా, ఎడిటరు ఆ పని భ్రమరాంబకు అప్పగించాడు. "మీ పుస్తకానికి మీరే రాసుకుంటే బాగోదమ్మా. ఆవిడ మెత్తని మనిషి" అన్నాడు.

శనివారం పత్రిక వచ్చింది. కృపమ్మ కళ్ళు, ఎవరో తాడు కట్టి లాగినట్టు, తిన్నగా కిందికి పోయాయి.

'కొనకండి.'

ఆఫీసు మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. "ఉన్నచోట తీసేస్తావు, లేనిచోట తగిలిస్తావా? నీకూ ఆ అక్షరానికీ ఏం పగయ్యా?"

జయంత్ రెండు చేతులూ ఎత్తేశాడు. "నేను తగిలించలేదండీ! నాకూ అనుమానం వచ్చి భ్రమరాంబగారికి ఫోన్ చేశానండీ. 'అందులో క ఉందాండీ?' అని అడిగానండీ. 'ఉంది బాబూ. లైన్లో పట్టకపోతే పైన నా పేరు తీసెయ్యి, క మాత్రం తీయకు' అన్నారండీ."

కృపమ్మ అక్కడే స్టూలు మీద కూలబడింది. పత్రికను ఒళ్ళో పెట్టుకుని పైనుంచి మొదలుపెట్టి చదివింది. భ్రమరాంబ ఒక్క సమీక్ష కూడా వదిలిపెట్టలేదు. వేరువేరు నవలల మీద కృపమ్మ అవే తిట్లు మళ్ళీ మళ్ళీ వాడిందని పట్టుకుంది. ఒక లేసు పుస్తకాన్ని బొమ్మలు చూసి మెచ్చుకుని, చెప్పిన పద్ధతి అల్లి చూడలేదని పట్టుకుంది. అదీ నిజమే. 'ఆవిడ కోపం న్యాయమైనదేనండీ. కాని ఎక్కడా ముడి వేసి ఆపరు, వరస మీద వరస అల్లుకుంటూనే పోతారు' అని రాసింది.

"సవరణ వెయ్యమంటారాండీ?" అని జయంత్ మెల్లగా అడిగాడు.

"వేశావంటే ఊరుకోను" అంది కృపమ్మ. అక్కడి నుంచే భ్రమరాంబకు ఫోన్ చేసి, సమీక్ష బాగుందని, మొదటి మాట నుంచి చదివానని చెప్పింది. ముందు చివరి మాటే చూసుకున్నానని మాత్రం చెప్పలేదు.

పాఠకులు ఎప్పటిలాగే చివరి మాట చూసుకున్నారు. ఆ వారం 'కొనాలా, మానాలా?' ఒక్కటంటే ఒక్క ప్రతి కూడా అమ్ముడుపోలేదు.