నార్మతోవ్ గారి మొటిమల పరీక్ష

మొటిమలకు మూడు లేపనాల్ని శాస్త్రీయంగా పోల్చి, ఉత్తమమైనదాన్ని యువతకు అంకితం చేస్తామని గుల్‌తెపా జిల్లాను ఏలే హాకిం నార్మతోవ్ గారు నౌరూజ్ పండగ సభలో ప్రకటించారు. పత్తిచేలకు నీళ్లు రాని ఏడాది అంతటి దూరదృష్టి ఇంకే జిల్లా అధికారికి ఉంటుంది?

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సనోబర్. వేసవి చివర్లో జిల్లా టీవీలో వార్తలు చదివే ఉద్యోగానికి పరీక్ష ఉంది. గొంతు బ్రహ్మాండం, బుగ్గలే మాట వినడం లేదు. ఏది పూయాలో తేలితే గట్టెక్కినట్టేనని పిల్ల ఆశ.

ఒక్కో పేట నుంచి మొటిమలున్న పదిమందిని పంపమన్నారు హాకిం గారు. పేట పెద్దలకు చెమటలు పట్టాయి. తమ దగ్గర ఏ లోపమూ లేదని ఏటా నివేదిక పంపే పెద్దమనుషులు ఇప్పుడు మొటిమలున్నాయని ఎలా ఒప్పుకుంటారు? నున్నటి మొహాల వాళ్లనే ఏరి, తెల్లచొక్కాలు తొడిగి పంపారు.

సనోబర్ తనంతట తనే వెళ్లి వరసలో నిలబడింది.

"నువ్వెందుకొచ్చావే తల్లీ?" అన్నాడు హాకిం గారి సహాయకుడు సోదిక్.

"మొటిమలున్నాయి కదన్నా!"

"అదేగా గొడవ! ఫలితాలు పాడుచేస్తావు. పక్కన కూర్చుని టీ తాగు."

చర్మవైద్యురాలు మాహిరా ఊరుకోలేదు. "వీళ్లకసలు జబ్బే లేదయ్యా. నేను దేన్ని దేనితో పోల్చను?"

"మంచి ఫలితం వస్తుంటే అడ్డుపడతారేంటి డాక్టరమ్మా?"

కొందరికి గంధకం లేపనం, కొందరికి బెంజాయిల్ పెరాక్సైడ్, మిగతావాళ్లకు అడాపలిన్ పూశారు. చర్మం ఎర్రబడి పొట్టు రాలితే ఆరోగ్యపు నిగారింపు అన్నారు. చివరికి ఒక్క మొహం మీదా మొటిమ కనిపించలేదు. మూడు లేపనాలకూ మొదటి బహుమతి ఇచ్చి, అందరికీ పులావు పెట్టారు.

అంతలో రాజధాని తాష్కెంట్ నుంచి ఫోను. "అసలు మీ జిల్లాలో మొటిమలు ఉండేవనడానికి రుజువేది?"

సోదిక్ పరుగున సనోబర్ ఇంటికి వెళ్లి ఫోటో తీశాడు. మర్నాటి నుంచి టీవీలో 'చికిత్సకు ముందు' అని ఆమె మొహం, 'తర్వాత' అని ఇంకో అమ్మాయి మొహం. సనోబర్ మొహానికి గుడ్డ చుట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. మాహిరా జాలిపడి ఒక ట్యూబు చేతిలో పెట్టింది. "రాత్రిపూట పల్చగా రాసుకో అమ్మా. ఓపిక పట్టు, తగ్గుతాయి."

నివేదిక మీద డాక్టరమ్మ సంతకం కోసం అక్కడికొచ్చిన సోదిక్ ఆ ట్యూబును ఎంతో మర్యాదగా లాగేసుకున్నాడు. "కొంప ముంచకు తల్లీ! చలికాలంలో తాష్కెంట్ నుంచి తనిఖీకి వస్తున్నారు. చూపించడానికి మాకున్నది నువ్వొక్కదానివే. అప్పటిదాకా ఏమీ పూయకు."

"మరి నా వార్తల పరీక్షన్నా?"

"నీకింకా పరీక్షెందుకే పిచ్చిదానా? రోజూ వార్తలకు ముందు నీ మొహమేగా చూపిస్తున్నాం!"